ఎత్తితే చాలు

ఆ ఉదయం ఏడింటికి సెక్రటరీ వేసుకున్న ప్రణాళిక చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఎనిమిదికి డబ్బా బిగించడం. ఎనిమిదీ ఇరవైకి పరీక్ష. ఎనిమిదిన్నరకి టిఫిను. పదకొండుకి లిఫ్టు ఇన్‌స్పెక్టరు రాక. పన్నెండుకి అత్తగారి రాక. ఇదంతా ఒక తెల్లకాయితం మీద గళ్లు గీసి రాసి, ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. పాపం, ఆయన ఉద్యోగమే అది. బస్సు డిపోలో టైమ్‌టేబుళ్లు వేస్తాడు. బస్సు ఒక్క నిమిషం ఆలస్యమైతే డ్రైవరుకంటే ముందు ఈయనకి చెమటలు పడతాయి. ఆరంతస్తుల ఆ భవనంలో లిఫ్టు, నీళ్ల ట్యాంకు, వాచ్‌మన్ అనే మూడింటినీ చూసుకునే బాధ్యత మూడేళ్ల క్రితం నెత్తిన పడింది. అప్పటినుంచి అందరూ ఆయన్ని సెక్రటరీ అనే పిలుస్తారు. కోపమొస్తే భార్య కూడా.

డబ్బా గొడవ ఏమిటంటే, లిఫ్టులో ఒక ఫోను ఉంది. ఎవరైనా లోపల ఇరుక్కుపోయి దాన్ని ఎత్తితే, అయిదో అంతస్తులో సెక్రటరీ ఇంటి హాల్లో ఉన్న పాత ఫోను మోగాలి. పోయిన నెల టెలిఫోను కంపెనీవాళ్లు భవనంలోకి వచ్చే తమ రాగి తీగలన్నీ పీక్కుపోయారు. దాంతో రెండు ఫోన్లూ మూగపోయాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఫలానా తారీఖు పదకొండుకి మళ్లీ వస్తాను, అప్పటికీ మోగకపోతే లిఫ్టుకి సీలు వేసి పోతాను అన్నాడు. ఆ తారీఖు రానే వచ్చింది. సరిగ్గా ఆ రోజే, మోకాలి ఆపరేషను చేయించుకున్న అత్తగారిని ఆస్పత్రినుంచి పంపిస్తున్నారు.

"లిఫ్టు ఆగిపోతే అమ్మ తమ్ముడింటికి పోతుంది. వాడిది కింది ఇల్లు. వాడికేం, మెట్లు లేవు, చింతా లేదు" అంది భార్య, టిఫిను పళ్లెం బల్లమీద కాస్త గట్టిగానే పెట్టి. "పెళ్లయి పద్నాలుగేళ్లయింది. మా అమ్మ నా ఇంట్లో గట్టిగా నాలుగు రోజులుందా? ఈసారి కూడా రాలేదో, మీకూ నాకూ మాటల్లేవు. ముందే చెప్తున్నా."

"అదెలా రాదు? అందుకేగా ఈ డబ్బా!"

"తమ్ముడు వచ్చి పెడతానన్నాడుగా."

అక్కడే సెక్రటరీకి చిర్రెత్తుకొచ్చింది. బావమరిది ఊళ్లో సగం ఇళ్లకి ఇంటర్నెట్ తీగలు లాగినవాడు. "బావా, పావుగంట పని, నేనొచ్చి పెట్టేస్తా" అని నిన్నే అన్నాడు కూడా. కానీ ఏడేళ్ల క్రితం సెక్రటరీ స్వహస్తాలతో గీజరు బిగించి, ఆనక అదే బావమరిదిని పిలవాల్సి వచ్చింది. ఆ గీజరు కథని వాడు ఇప్పటికీ ఏ పెళ్లికెళ్లినా పంక్తిలో కూర్చుని చెబుతాడు. వినేవాళ్లు మారుతుంటారు గానీ కథ మాత్రం ఏటేటా పెరుగుతోంది. ఇప్పుడు దానికి తోడు డబ్బా కథ కూడానా? ససేమిరా!

డబ్బా అరచేతిలో ఇమిడేంత ఉంది. దానికి ఒక పక్క ఇంటర్నెట్ తీగ దూర్చాలి. రెండో పక్క పాత ఫోన్లకోసం రెండు కన్నాలున్నాయి, ఒకటి, రెండు అని అంకెలతో. ఒకటో కన్నంలో హాలు ఫోను. రెండోదాంట్లో లిఫ్టునుంచి కిటికీ గుండా వచ్చిన తీగ. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత కంప్యూటర్లో డబ్బా తాలూకు పేజీ తెరిచి, దానికి బుద్ధులు చెప్పాలి. పేజీ తెరవాలంటే డబ్బా చిరునామా కావాలి. చిరునామా కావాలంటే ఫోనెత్తి నక్షత్రం మీట నాలుగుసార్లు నొక్కాలి. అప్పుడు లోపలినుంచి ఒకావిడ అంకెలు ఒక్కొక్కటే చదువుతుంది. ఆవిడ ఎంతో నిదానస్థురాలు. సెక్రటరీకి అంత ఓపికేదీ? సగంలో పెట్టేసేవాడు. మళ్లీ ఎత్తితే ఆవిడ మళ్లీ మొదటినుంచి అందుకునేది. నాలుగోసారి, "కొంచెం త్వరగా కానివ్వమ్మా!" అని బతిమాలుకున్నాడు.

మొత్తానికి పేజీ తెరుచుకుంది. 'ఎత్తగానే పిలవవలసిన నంబరు' అనే గడి కనిపించింది. లిఫ్టులో ఇరుక్కున్నవాడు కంగారులో నంబర్లు నొక్కలేడు గదా, వాడు రిసీవరు ఎత్తితే చాలు, డబ్బా తనంతట తానే ఒకటో కన్నంలో ఉన్న హాలు ఫోనుని మోగిస్తుంది. సెక్రటరీ ఆ గడి నింపి, కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు.

"ఏమే! ఇక నంబరు నొక్కే పనే లేదు! ఎత్తితే చాలు, ఎవరికి వెళ్లాలో వాళ్లకి వెళ్లిపోతుంది!" అని వంటింట్లోకి కేకేసి స్నానానికి పోయాడు. అప్పటికే తొమ్మిదీ అయిదు. ప్రణాళిక నలభై అయిదు నిమిషాలు వెనకబడింది. అందుకని సబ్బు కూడా సరిగా రుద్దుకోలేదు.

ఆ గడి నింపడంలో ఒక్క పొరపాటు జరిగింది. లిఫ్టు ఫోను పేర నింపాల్సినదాన్ని హాలు ఫోను పేర నింపాడు. అంటే ఇప్పుడు హాల్లో ఎవరు ఎత్తినా లిఫ్టులో మోగుతుంది.

నెత్తిన రెండో చెంబు పోసుకుంటుండగా బయట భార్య గొల్లుమన్నది. సెక్రటరీ నురగతోనే తువ్వాలు చుట్టుకుని పరుగెత్తాడు.

"ఏమైందే?"

"అమ్మ... అమ్మకి స్పృహ లేదండీ! నన్ను గుర్తు కూడా పట్టలేదు!"

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటండీ, నేనే మాట్లాడా! ఆస్పత్రికి చేద్దామని ఫోనెత్తా. మీరు చెప్పినట్టే నంబరు నొక్కకుండానే వెళ్లింది. అమ్మే ఎత్తింది. ఎలా ఉందమ్మా అంటే మూలుగు. కాలు నొప్పా అంటే ఊఁహూఁ. మరెక్కడ అంటే 'ఆఁ... ఊఁ...' తప్ప మాటే లేదు. గొంతు కూడా మగగొంతులా బొంగురుపోయింది. ఆపరేషను కాలికి చేశారా, గొంతుకి చేశారా?"

ఆయన బట్టలు వేసుకునేలోగా ఆవిడ సెల్లులో తమ్ముడిని లేపి, అమ్మ ప్రాణాలమీదికొచ్చింది, నువ్వక్కడ ఏం వెలగబెడుతున్నావ్ అని దులిపేసింది. ఆపైన పిన్నికీ, మేనత్తకీ, దొడ్డమ్మ కూతురికీ కబురందించింది. అందరితో ఏడ్చి ఏడ్చి ఆవిడ సెల్లు ఛార్జింగు అయిపోయి అదీ కన్నుమూసింది.

సెక్రటరీ ఆస్పత్రికే చేసి కనుక్కుందామని హాలు ఫోను ఎత్తాడు. అవతలినుంచి వాచ్‌మన్ గొంతు వినిపించింది.

"సార్, లిఫ్టు ఊడుస్తుంటే ఫోను మోగింది సార్. ఎత్తా. తప్పా?"

సెక్రటరీ రిసీవరు వంకా, డబ్బా వంకా మార్చి మార్చి చూశాడు. "ఇందాక ఈ ఫోను ఎవరెత్తారు?" అన్నాడు.

"ఎవరో పెద్దమనిషి సార్. మూడో అంతస్తు పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. దవడ ఇంత వాచిపోయింది. పాపం, నోరు తెరవలేకపోతున్నాడు. ఫోనులో ఎవరో ఆడమనిషి ఏడ్చిందని చేతులతో చూపించాడు, ఆయన కూడా ఏడుపు మొహంతో వెళ్లాడు."

భార్యకి సంగతి చెప్పాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. అయ్యో పాపం అనుకుంది. అనుకుని, "ఎత్తితే చాలు, ఎవరికి వెళ్లాలో వాళ్లకి వెళ్లిపోతుందని అరిచిందెవరు?" అంది.

తప్పు తనదని ఒప్పుకుంటే సెక్రటరీ ఎలా అవుతాడు? పైగా టైము తొమ్మిదీ నలభై. బావమరిదికి సెల్లులో చేస్తే వాడు ఎత్తడం లేదు. ఆయన కాలు కాలిన పిల్లిలా హాల్లో ఈ మూలనుంచి ఆ మూలకి నాలుగు చుట్లు తిరిగి, ఒక కాయితం తీసి పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన గోడకి అంటించాడు: 'పదకొండు వరకు ఈ ఫోను ఎవరూ ముట్టరాదు. ఎంత మోగినను ఎత్తరాదు.'

"నేను ముట్టుకుంటే పాడైపోతుందన్నమాట!"

"అది కాదే, నేను సెట్టింగు మారుస్తుంటే మధ్యలో నువ్వు..."

"సరే. ఇల్లు కూలినా ముట్టుకోను. సంతోషమేగా?" అని ఆవిడ ఉతికిన బట్టల బుట్ట తెచ్చుకుని సోఫాలో కూర్చుంది.

సెక్రటరీ ఆ గడిని చెరిపి, ఈసారి సరైన చోట నింపాడు. డబ్బా ఆరిపోయి, వెలిగి, మళ్లీ ఆరిపోయి, తాపీగా తేరుకునేసరికి పదీ పది. ఇంక మిగిలింది పరీక్ష. మామూలు మనిషైతే లిఫ్టులోకి వెళ్లి రిసీవరు ఎత్తి, మోగిందా లేదా అని చూసుకుని వస్తాడు. ఈయన అలా చేయడు. ఆపద ఫోనుని ఆపదలోనే పరీక్షించాలి గాని, తలుపులు బార్లా తెరుచుకుని పరీక్షిస్తే ఏం లాభం? సెల్లు ఛార్జింగులో వదిలేసి కిందికి దిగి, వాచ్‌మన్‌ని పిలిచాడు.

వాచ్‌మన్ పూర్వం సైన్యంలో వంటవాడు. తుపాకీ ఎప్పుడూ పట్టలేదు గానీ ఆజ్ఞ అంటే ప్రాణం పెడతాడు.

"ఇదిగో చూడు. నేను లిఫ్టెక్కుతా. రెండు, మూడు అంతస్తుల మధ్యకి రాగానే నువ్వు స్విచ్ ఆపెయ్యి. నేను లోపల ఫోనెత్తుతా. పైన మా ఇంట్లో మోగుతుంది. అమ్మగారు ఎత్తి, నాతో మాట్లాడి, బాల్కనీలోకొచ్చి నీకు చెబుతారు. అప్పుడు వెయ్యి."

"మధ్యలో మీరు కేకేస్తేనో?"

"వెయ్యొద్దు! కేకలకి వేస్తే ఇంక ఫోనెందుకు? అది మోసం. అమ్మగారు చెబితేనే."

"అమ్మగారు చెబితేనే" అని వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి, స్విచ్ గది తాళంచెవి చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు.

లిఫ్టు అనుకున్నచోటే ఆగింది. లైటు ఆరింది. పైనున్న కంతలోంచి కొద్దిగా వెలుతురు పడుతోంది. సెక్రటరీ రిసీవరు ఎత్తాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే పైన, ఎక్కడో అయిదో అంతస్తులో, ట్రింగ్ ట్రింగ్ మని హాలు ఫోను మోగడం ఆ లిఫ్టు గూట్లోంచి స్పష్టంగా వినపడింది.

"మోగింది! మోగిందిరా!" అని ఒంటరిగా ఉన్నానన్న సంగతి కూడా మరిచి చిందులేశాడు. లిఫ్టు కొంచెం ఊగింది. చిందులు మానేశాడు.

అయిదుసార్లు మోగింది. పదిసార్లు మోగింది. వంటింట్లో ఉందేమోలే అనుకున్నాడు. ఇరవైసార్లు మోగింది. చెయ్యి కడుక్కుంటోందేమో. ముప్ఫయ్యోసారి మోగుతుండగా, గోడకి తానంటించిన కాయితం కళ్లముందు కదిలింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని పెద్దలు ఊరికే అన్నారా!

"వాచ్‌మన్! ఓయ్ వాచ్‌మన్! స్విచ్ వెయ్యి!"

కిందినుంచి జవాబు వచ్చింది. "నన్ను పరీక్షిస్తున్నారు కదూ సార్? నేను పడను."

"పరీక్ష కాదయ్యా! నిజంగానే!"

"నిజంగానే అంటారని నాకు తెలుసు సార్."

సెక్రటరీ పైకి తిరిగి భార్యని పిలిచాడు. పైన ఆవిడకి అరుపులు వినపడకపోలేదు. ఈయన వాచ్‌మన్ మీద అరవడం రోజూ ఉండేదే గదా అని తువ్వాళ్లు మడతపెట్టుకుంటోందట. ఫోను మాత్రం ఆవిడ మూరెడు దూరంలో గొంతు చించుకుంటోంది. ఆవిడ దాని వంక చూసి, గోడమీద కాయితం వంక చూసి, "మోగవే తల్లీ, మోగు. నేను ముట్టుకుంటే పాడైపోతావు" అందట. ఇదంతా తర్వాత తెలిసింది.

సెక్రటరీ పెట్టేశాడు, ఎత్తాడు. మళ్లీ పెట్టేశాడు, మళ్లీ ఎత్తాడు. చేతి గడియారం పదీ నలభై చూపిస్తోంది. సరిగ్గా అప్పుడు కింద కారు ఆగింది. తలుపు చప్పుడైంది. బాగా తెలిసిన గొంతు వినపడింది.

"నేను మూలుగుతున్నానన్నది ఎవరు? ఆ ముక్క నా మొహంమీద చెప్పమను!"

అత్తగారు. పన్నెండింటికి రావలసిన మనిషి. అక్క మాట విని బావమరిది గుండెలు బాదుకుంటూ వార్డులోకి దూసుకుపోతే, ఆవిడ మంచంమీద కూర్చుని నర్సుకి జడ అల్లుతోందట. తాను స్పృహ తప్పి మూలిగిందని బంధువులందరికీ చాటింపు వేశారని వినేసరికి ఆవిడకి రోషం వచ్చింది. ఇంకొక్క నిమిషం ఇక్కడుంటే చచ్చిపోయిందని కూడా చెబుతారు, పదరా అని బయల్దేరింది. ఇప్పుడు చక్రాల కుర్చీలో లిఫ్టు గుమ్మం ముందు కూర్చుంది.

"పైన ఎవరో అరుస్తున్నారేం?" అంది ఆవిడ.

ఇంక దాగేదేముంది? సెక్రటరీ గొంతు సవరించుకుని, వీలైనంత మర్యాదగా కిందికి పలికాడు. "నేనేనండీ అత్తయ్యగారూ. బాగున్నారా?"

"బాగానే ఉన్నాను నాయనా. మీరు బాగున్నారా?"

"ఆఁ... బాగానే ఉన్నానండీ. ప్రయాణం సుఖంగా జరిగిందా?"

"మాది జరిగింది. మీదే ఆగినట్టుంది" అంది అత్తగారు.

బావమరిది స్విచ్ వెయ్యమన్నాడు. వాచ్‌మన్ తల అడ్డంగా ఊపి, అమ్మగారు చెబితేనే అన్నాడు. తాళంచెవి అడిగితే జేబుమీద చెయ్యి వేసుకున్నాడు. సెల్లు చేస్తే అక్కది పలకదు, బావది ఇంట్లో మోగి మోగి ఆగిపోతుంది. చివరికి బావమరిది ఉస్సూరుమంటూ మెట్లెక్కడం మొదలెట్టాడు. ఈలోగా గేటు దగ్గర మరొకరు దిగారు. నెమ్మదైన అడుగులు, చంకలో ఫైలు. పదకొండింటికి అయిదు నిమిషాలు తక్కువగా లిఫ్టు ఇన్‌స్పెక్టరు వచ్చేశాడు. వచ్చి, ఏమీ మాట్లాడకుండా అత్తగారి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, చేతిగడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇన్‌స్పెక్టరుగారొచ్చి కూర్చున్నారు సార్!" అని వాచ్‌మన్ కిందినుంచి సెక్రటరీకి కేకేశాడు. అంతా అయిపోయింది. లిఫ్టుకి సీలు పడుతుంది, అత్తగారు ఇటునుంచి ఇటే కొడుకింటికి పోతారు, ఇంట్లో మాటలుండవు. సెక్రటరీ రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, నేలమీద చతికిలబడి, మోత వింటూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి మోత ఆగింది. ఎవరో ఎత్తారు.

"ఎత్తావా తల్లీ! నీ పుణ్యమాని ఎత్తావా!" అని ఆయన ఒక్కసారిగా బద్దలయ్యాడు. "తప్పు నాదేనే. పొద్దున్న గడి తప్పు నింపింది నేనే, ఆ దిక్కుమాలిన కాయితం అంటించింది నేనే, ఈ వాచ్‌మన్‌కి చెప్పిందీ నేనే. నాకు చేతకాలేదు. నీ తమ్ముడు వచ్చుంటే పావుగంటలో అయ్యేది. కానీ వాడికి మాత్రం చెప్పకే! ఇంకో ఏడేళ్లు చెప్పుకు తిరుగుతాడు. నాకు మూడు రాత్రులనుంచి నిద్రలేదు తెలుసా? అత్తయ్యగారు మెట్లెక్కలేరు, నీ మొహం చిన్నబోతుంది, అదొక్కటే బెంగ. ఆ ఇన్‌స్పెక్టరు కింద కూర్చున్నాడు. నువ్వు బాల్కనీలోకెళ్లి ఒక్క కేక వెయ్యి, నీకు దణ్ణం పెడతా!"

అవతల కాసేపు ఊపిరి ఎగపోత మాత్రం వినిపించింది. అయిదంతస్తులు ఎక్కిన మనిషి ఊపిరి అది.

"ఏడేళ్లు కాదు బావా," అన్నాడు బావమరిది, "ఇది పదేళ్లకి సరిపోతుంది."

సెక్రటరీ కళ్లు మూసుకున్నాడు.

"నిద్రపోలేదన్నది కూడా చెబుతాలే. అది లేకపోతే కథ బాగుండదు" అన్నాడు వాడే, కాస్త మెత్తగా. ఆ వెంటనే బాల్కనీలోంచి వాడి కేక వినపడింది. వాచ్‌మన్ కదల్లేదు. ఈసారి అక్కని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు కాబోలు, "వెయ్యవయ్యా మహానుభావా, స్విచ్!" అని భార్య గొంతు మోగింది. అప్పుడు వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి స్విచ్ వేశాడు.

లిఫ్టు కిందికి దిగి, తలుపు తెరుచుకుంది. చొక్కా తడిసి ముద్దయి, జుట్టులో ఇంకా పొద్దుటి సబ్బు నురగ ఎండిపోయి, సెక్రటరీ బయటికి వచ్చాడు. బావమరిది, వాడి వెనకే భార్య మెట్లమీదుగా పరుగెత్తుకొచ్చారు. ఆవిడ ముందు అమ్మని చూసి, తర్వాత మొగుణ్ణి చూసి, ఎవరిని ముందు అడగాలో తెలియక ఇద్దరి చేతులూ పట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు గడియారం చేతికి పెట్టుకున్నాడు. "ఇరవయ్యేళ్ల సర్వీసులో చాలా ఫోన్లు పరీక్షించానండీ. అందరూ బయట నిలబడి చూపించేవాళ్లే. లోపల ఇరుక్కుని చూపించిన సెక్రటరీని ఇవాళే చూశా. నేను వచ్చినప్పటినుంచి ఒక్క క్షణం ఆగకుండా మోగింది. ఫోనుకి వంక పెట్టలేను."

"అంటే... సీలు?"

"ఫోను సరే. ఎత్తే మనిషి ఎవరు? మోగగానే ఎత్తే మనిషి ఒకరు రోజంతా దాని దగ్గరుండాలి. పేరు రాసివ్వండి. లేకపోతే సీలే."

భార్య నేల చూపులు చూసింది. సెక్రటరీకి డిపో ఉంది. బావమరిది గొంతు సవరించుకుని, "పోనీలే అమ్మా, మా ఇంటికే పోదాం" అనబోయాడు.

"నా పేరు రాయండి" అంది అత్తగారు. "ఆరు వారాలు కుర్చీలోంచి లేవద్దన్నాడు డాక్టరు. ఆ ఫోను పక్కనే నా కుర్చీ వేయించండి. మోగితే ఎత్తడానికి నా చేతులు బాగానే ఉన్నాయి. ఈ ఇంట్లో వింటే ఎత్తేవాళ్లు ఒకరైనా ఉండాలిగా."

ఇన్‌స్పెక్టరు తల పంకించి, స్టూలు మీదే కూర్చుని ఫారం నింపి, ఆవిడ చేత సంతకం పెట్టించి, ఆవిడ చేతికే ఇచ్చాడు. చక్రాల కుర్చీ, దాని వెనక భార్య, పక్కన బావమరిది ఎక్కేసరికి లిఫ్టు నిండిపోయింది. సెక్రటరీ మెట్లదారి పట్టాడు. అయినా ఆయన గుండెల్లోంచి పెద్ద బరువు దిగిపోయినట్టుంది. అత్తగారు పైకి వెళుతున్నారు. ఫోను మోగింది. అది తాను బిగించిన ఫోను. ఆ ముక్క బావమరిదికి ఎలా వడ్డించాలా అని ఆలోచించుకుంటూ, ఆయాసపడుతూ, నాలుగో అంతస్తు దాటేసరికి పైనుంచి నవ్వులు వినిపించాయి.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అత్తగారు ఫోను పక్కన కొలువుతీరి ఉంది. భార్య ఫారం చదువుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావమరిది సోఫాలో వెనక్కి వాలిపోయి పొట్ట పట్టుకున్నాడు.

"ఏమిటంత నవ్వు? పాసయిందా లేదా?"

"పాసయిందండీ, భేషుగ్గా పాసయింది" అని భార్య ఫారం ఆయన చేతికిచ్చింది.

లిఫ్టు: తృప్తికరం. ఆపద ఫోను: తృప్తికరం. బాధ్యులు: అత్తగారి సంతకం. దాని కింద 'మార్చవలసిన భాగాలు' అనే గడి ఉంది. అందులో ఇన్‌స్పెక్టరు గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక్క మాట రాశాడు: సెక్రటరీ.